అనంతపురం ఎండలో క్లాస్-ఏ యాంప్లిఫైయర్: ముందు హీట్‌సింక్, తర్వాతే సర్క్యూట్

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీది అనంతపురం, మిద్దె మీద పైగది. 8 ఓముల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి, సెన్సిటివిటీ 87 డీబీ. పాత స్టీరియో సెట్టులోంచి తీసిన 24-0-24, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, అరచేతి వెడల్పు హీట్‌సింకులు (వేడిని గాలికి వదిలే రెక్కల అల్యూమినియం ముక్కలు) కొన్ని చేతిలో ఉన్నాయి. చానెల్‌కు ఒక్క మాస్‌ఫెట్‌తో (ఇది ఒక రకం పవర్ ట్రాన్సిస్టర్) పాడే సింగిల్ ఎండెడ్ క్లాస్-ఏ యాంప్లిఫైయర్ గురించి చదివారు. 2 ఆంపియర్ల బయాస్ (పాట లేకపోయినా ఎప్పుడూ పారుతుండే కరెంటు), 10 వాట్లు. ఈ సామానుతో అది అవుతుందా, కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది, ఇంత కష్టపడితే షాపులో దొరికే 100 వాట్ల చిప్ బోర్డు కన్నా బాగుంటుందా అని అడిగారు.

అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక చానెల్‌కు సరిపోతుంది, రెండింటికి చాలదు. స్పీకర్లకు ఢోకా లేదు. హీట్‌సింకులు మాత్రం పక్కన పెట్టేయండి, అవి దీనికి ఏ మూలకూ రావు. మన వైపు ఈ యాంప్లిఫైయర్ కట్టేవాళ్లు మొదట కొనాల్సింది మాస్‌ఫెట్ కాదు, అల్యూమినియం. ఎన్ని వాట్లు కావాలన్నది కూడా మీ సింకు ఎంత వేడి మోయగలదో చూశాకే తేల్చుకోవాలి.

కారణం చెప్తాను. మామూలు క్లాస్-ఏబీలో రెండు పవర్ ట్రాన్సిస్టర్లు సిగ్నల్‌ను చెరి సగం పంచుకుంటాయి, కాబట్టి పాట లేనప్పుడు కొన్ని పదుల మిల్లీఆంపియర్లు పారితే చాలు. సింగిల్ ఎండెడ్‌లో మోసేది ఒక్కటే. స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ కదలాలంటే ఆ ఒక్క మాస్‌ఫెట్‌లో ముందు నుంచే కరెంటు నిండుగా పారుతుండాలి. దాన్నే పెంచుతూ, తగ్గిస్తూ పోతే పాట వస్తుంది. స్పీకర్‌కు కావలసిన పీక్ కరెంటు కన్నా బయాస్ తక్కువైతే ఒక వైపు అల తెగిపోతుంది. ఖాళీగా నిలబడ్డా ఇంజిన్ ఆపని లారీ లాంటిదన్నమాట. ఇంకో వింత ఏమిటంటే, పాట ఆగినప్పుడే మాస్‌ఫెట్ ఎక్కువ వేడెక్కుతుంది. పాట నడిచేటప్పుడు అందులో కొంత పవరు స్పీకర్‌కు పోతుంది, ఆగితే మొత్తం సింకులోకే.

అంకెల్లో చూద్దాం. 8 ఓములకు 10 వాట్లంటే సుమారు 9 వోల్టుల ఆర్‌ఎంఎస్, పీక్ 12.65 వోల్టులు, పీక్ కరెంటు 1.58 ఆంపియర్లు. 8 ఓములని రాసిన స్పీకరు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 6 ఓములకు కూడా దిగుతుంది కాబట్టి బయాస్ 2 ఆంపియర్లు పెట్టడం సబబే. అల పైకీ కిందికీ కలిపి 25 వోల్టులు కదలాలి, మాస్‌ఫెట్లకు ఊపిరాడడానికి ఇంకో ఐదారు కలిపితే సప్లై 31 వోల్టులు. 31 ఇంటూ 2, అంటే చానెల్‌కు 62 వాట్ల వేడి. స్టీరియోకు 124. ఇచ్చేది మాత్రం పది, పది. కరెంట్ సోర్స్ (కరెంటును ఒకే స్థాయిలో పట్టి ఉంచే భాగం; మన సర్క్యూట్‌లో ఆ పనికి రెండో మాస్‌ఫెట్ ఉంటుంది, పాటను మోసేది మాత్రం ఒక్కటే) లోడుతో నడిచే క్లాస్-ఏ సామర్థ్యం సిద్ధాంతం ప్రకారమే 25 శాతం దాటదు. కరెంట్ సోర్స్ బదులు ఉత్త రెసిస్టర్ పెడితే అది 8 శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు తంటా. బయటి దేశాల వాళ్లు రాసిన సర్క్యూట్లలో గది వేడి 25 డిగ్రీలని పెట్టుకుంటారు. సింకు 65 వరకు పోవచ్చు అనుకుంటే వాళ్లకు 40 డిగ్రీల వెసులుబాటు ఉంది. 40ని 62తో భాగిస్తే వాట్‌కు 0.65 డిగ్రీలు. అంటే ఒక్కో వాట్ వేడికి గది కన్నా 0.65 డిగ్రీలకు మించి వేడెక్కని సింకు వాళ్లకు చాలు. ఈ అంకె ఎంత తగ్గితే సింకు అంత పెద్దది కావాలి. మనకు ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దాటడం మామూలే, మిద్దె పైగదిలో స్లాబు తాగిన వేడి అర్ధరాత్రి దాకా దిగదు. గదిని 40గా తీసుకుంటే మిగిలేది 25 డిగ్రీలే. అంటే వాట్‌కు 0.4 డిగ్రీల సింకు కావాలి. ఒకే సర్క్యూట్‌కు మనకు ఒకటిన్నర రెట్లకు పైగా సింకు పడుతుంది. మీ అరచేతి సింకుకు వాట్‌కు మూడు డిగ్రీలైనా ఉంటుంది. 62 వాట్లు దానికిస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి.

65 డిగ్రీల సింకు మీద మాస్‌ఫెట్ లోపల ఎంత ఉంటుందో కూడా చూద్దాం. మనం వాడబోయే మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్‌పీ240కి చిప్పు నుంచి కేసు దాకా వాట్‌కు 0.83 డిగ్రీలు, కేసుకూ సింకుకూ మధ్య పెట్టే మైకా, పేస్టు కలిపి ఇంకో అర డిగ్రీ. ఒక్కో మాస్‌ఫెట్‌లో 31 వాట్లు కాబట్టి సింకు మీద ఇంకో 41 డిగ్రీలు, మొత్తం 106. దాని హద్దు 150. నిశ్చింతగా ఉండొచ్చు. విదేశీ లెక్క ప్రకారం 0.65 సింకు పెట్టుకుని మేలో నడిపితే సింకు 80 దాటుతుంది, చిప్పు 120 దాటుతుంది. వెంటనే కాలిపోదు, కానీ పక్కనున్న కెపాసిటర్లు ఎండిపోతాయి, పొరపాటున చేయి తగిలితే బొబ్బ లేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే సింకు చుట్టూ జాలీ పెట్టడం తప్పనిసరి.

చానెల్‌కు 0.4 డిగ్రీల సింకు అంటే సుమారుగా అడుగు పొడవు, అర అడుగు ఎత్తు, రెండంగుళాల దాకా రెక్కలున్న ఎక్స్‌ట్రూషన్ ముక్క ఒకటి. రెక్కలు నిలువుగా ఉండాలి, కింద గాలి దూరడానికి, పైన పోవడానికి దారి ఉండాలి. సందులు మరీ ఇరుకుగా ఉన్న కంప్యూటర్ సింకులు ఫ్యాను లేకుండా పనిచేయవు. ఫ్యాను పెట్టొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఆషాఢం గాలులకు లేచే దుమ్ముతో రెక్కల సందులు మూసుకుపోతాయి, ఫ్యాను బేరింగు గోల పెడుతుంది. నిశ్శబ్దం కోసం క్లాస్-ఏ కట్టి దాని పక్కనే ఫ్యాను తిప్పడం నాకు నచ్చదు.

ఈ అల్యూమినియం తూకానికి అమ్ముతారు. మీకు బెంగళూరు ఎస్‌పీ రోడ్ దగ్గర, మా కర్నూలు వాళ్లకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్. తుక్కు కొట్టు వాళ్లను కూడా వదలకండి. పాత యూపీఎస్‌లు, వెల్డింగ్ ఇన్వర్టర్లు విప్పినప్పుడు మంచి ముక్కలు దొరుకుతాయి. వాటి మీద ఏ అంకే రాసి ఉండదు కాబట్టి కొన్నాక మీరే కొలవాలి. సర్క్యూట్ జోలికి పోకముందే ఈ పరీక్ష చేయండి.

అల్యూమినియం ఒంటితో వచ్చే 22 ఓముల, 50 వాట్ల రెసిస్టర్లు రెండు తీసుకోండి. మాస్‌ఫెట్లు వచ్చే చోట్లే పేస్టు పూసి బిగించండి. రెండింటినీ పారలల్‌గా కలిపి 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎల్‌ఈడీ పవర్ సప్లైకి ఇవ్వండి. రెండూ కలిసి 52 వాట్లు తింటాయి. గంటన్నర వదిలేసి సింకు ఎంతుందో, గది ఎంతుందో కొలవండి. గది 34, సింకు 55 వచ్చిందనుకుంటే తేడా 21, దాన్ని 52తో భాగిస్తే 0.4. మీ సింకు పాసైనట్టే. కొలవడానికి మల్టీమీటర్‌తో వచ్చే థర్మోకపుల్ వైరు మంచిది. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే అల్యూమినియం మీద చాలా తక్కువ చూపిస్తుంది. అదే ఉంటే సింకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి. ఈ రెసిస్టర్లు వృథా కావు, తర్వాత స్పీకర్ బదులు డమ్మీ లోడుగా పనికొస్తాయి.

సింకు 0.6 దగ్గర ఆగిపోతే బాధపడొద్దు, బయాస్ తగ్గించుకోండి. 1.3 ఆంపియర్లయితే 8 ఓములకు దాదాపు 7 వాట్లు వస్తాయి, వేడి 40 వాట్లకు దిగుతుంది. పదికీ ఏడుకీ చెవికి తెలిసే తేడా ఒకటిన్నర డీబీ మాత్రమే.

ఇక సర్క్యూట్. ఇంట్లో కట్టుకునే క్లాస్-ఏ అనగానే రెండు డిజైన్ల పేర్లు వినిపిస్తాయి. ఒకటి జాన్ లిన్స్‌లీ హుడ్ 1969లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన 10 వాట్లది, నాలుగు ట్రాన్సిస్టర్లతో. రెండోది నెల్సన్ పాస్ 1994లో ప్రచురించిన జెన్, ఒకే ఒక్క గెయిన్ స్టేజి (సిగ్నల్‌ను పెంచే మెట్టు). మీరు అడిగిన 'ఒక్క మాస్‌ఫెట్' ఈ రెండో జాతిది. నేను కింద చెప్పేది ఆ పద్ధతిలోనే, మన దగ్గర దొరికే విలువలతో.

మాస్‌ఫెట్‌కు మూడు కాళ్లు: గేటు, సోర్స్, డ్రెయిన్. కింద ఐఆర్‌ఎఫ్‌పీ240, ఎన్-చానెల్. సోర్స్ గ్రౌండుకు. దాని డ్రెయినే అవుట్‌పుట్. పైన ఐఆర్‌ఎఫ్‌పీ9240, పీ-చానెల్, ఇది కరెంట్ సోర్స్. దీని సోర్సుకూ ప్లస్ లైనుకూ మధ్య 0.33 ఓముల, 5 వాట్ల రెసిస్టర్. బీసీ557 అనే చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి, దాని ఎమిటర్ ప్లస్‌కు, బేస్ ఒక కిలో ఓం ద్వారా ఆ రెసిస్టర్ కింది కొసకు, కలెక్టర్ 9240 గేటుకు. ఆ గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు. 0.33 ఓముల మీద 0.65 వోల్టులు పడగానే బీసీ557 తెరుచుకుని గేటును పట్టి ఆపుతుంది. 0.65ను 0.33తో భాగిస్తే 2 ఆంపియర్లకు కాస్త తక్కువ. ఇంతే కరెంట్ సోర్స్.

బీసీ557 బేస్-ఎమిటర్ వోల్టేజి ఒక్కో డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. దాన్ని సింకుకు ఆనుకునేలా పెడితే సింకు 30 డిగ్రీలు వేడెక్కేసరికి 60 మిల్లీవోల్టులు తగ్గి, బయాస్ దాదాపు 0.2 ఆంపియర్లు దానంతట అదే దిగుతుంది. ఎక్కడో చల్లని దేశంలో దీన్ని లోపంగా చూస్తారేమో, మనకు ఇది కాపలా. అందుకే బయాస్‌ను చల్లగా ఉన్నప్పుడు కొలిచి తీర్మానించొద్దు, గంట నడిచాక కొలవండి.

సిగ్నల్ దారి: ఇన్‌పుట్ నుంచి 4.7 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, తర్వాత 4.7 కిలో ఓములు, అక్కడి నుంచి 220 ఓముల గేట్ స్టాపర్ ద్వారా 240 గేటుకు. ఈ గేట్ స్టాపర్ రెసిస్టర్ గేటు కాలికి అంటుకుపోయినంత దగ్గరగా ఉండాలి, లేకపోతే మాస్‌ఫెట్ రేడియో స్టేషన్‌లా ఆసిలేట్ అవుతుంది. 9240 గేటుకూ ఇలాంటిదే ఒకటి. 4.7కే, 220 ఓములు కలిసే చోటికి డ్రెయిన్ నుంచి 47 కిలో ఓములు ఫీడ్‌బ్యాక్. అదే చోటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు, 10 కిలో ఓముల ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) సిరీస్‌లో. గేటుకూ సోర్సుకూ మధ్య 12 వోల్టుల జీనర్ డయోడ్. 240కి 2 ఆంపియర్లు పారడానికి గేటు దగ్గర సుమారు 4 వోల్టులు కావాలి. ప్రీసెట్ తిప్పితే డ్రెయిన్ వోల్టేజి కదులుతుంది, దాన్ని సప్లైలో సగానికి, అంటే 15.5 దగ్గరకు తేవాలి. ఇది కూడా వేడెక్కాకే. మాస్‌ఫెట్ వేడెక్కితే గేటు వోల్టేజి తగ్గి డ్రెయిన్ ఒక వోల్టు దాకా కిందికి జారుతుంది.

4.7కే బదులు 47కే పెట్టి ఇన్‌పుట్ ఇంపిడెన్స్ పెంచుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. ఐఆర్‌ఎఫ్‌పీ240 గేటు ఒక పెద్ద కెపాసిటర్. డేటాషీట్‌లో 1300 పికోఫారడ్లుంటుంది, మిల్లర్ ఎఫెక్ట్ (గెయిన్ వల్ల గేటు కెపాసిటెన్స్ ఇంకా పెద్దదిగా పనిచేయడం) కలిస్తే ఈ సర్క్యూట్‌లో నాలుగు వేలు దాటుతుంది. దాని ముందు పెద్ద రెసిస్టర్ పెడితే హై ఫ్రీక్వెన్సీలు అక్కడే ఆగిపోయి తాళం, గజ్జె, అన్నీ మొద్దుబారతాయి. ఇప్పుడు చెప్పిన విలువలతో నా లెక్క ప్రకారం 30 కిలోహెర్ట్జ్ దరిదాపుల దాకా పోతుంది. గెయిన్ మారకుండా ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లతో సహా అన్నింటినీ రెట్టింపు చేస్తే అది సగానికి దగ్గరపడుతుంది.

గెయిన్ తక్కువే, ఆరు రెట్ల దగ్గర. నిండు పవర్‌కు ఇన్‌పుట్‌లో ఒకటిన్నర వోల్టులు కావాలి. 2 వోల్టులిచ్చే యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం) అయితే నేరుగా సరిపోతుంది. ఫోను ఇయర్‌ఫోన్ జాక్ చాలదు, మధ్యలో చిన్న ప్రీయాంప్ పెట్టుకోవాలి.

డ్రెయిన్ మీద 15.5 వోల్టుల డీసీ ఉంటుంది కాబట్టి స్పీకర్‌కు ముందు 4700 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ తప్పదు. 8 ఓములతో దాని హద్దు 4 హెర్ట్జ్, బాస్ ఎక్కడా పోదు. కెపాసిటర్ అంటే చిన్నచూపు చూసే శుద్ధవాదులు ఉన్నారు. మొదటిసారి కట్టేవాళ్లకు అది దేవుడిచ్చిన తోడు: మాస్‌ఫెట్ షార్టయినా డీసీ స్పీకర్ దాకా పోదు. స్విచ్ వేయగానే అది చార్జ్ అవుతూ కోన్‌ను ఒక్క తోపు తోస్తుంది, అది లేకుండా స్పీకర్ వైపు గ్రౌండుకు 220 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి, ఐదారు సెకన్ల తర్వాత స్పీకర్‌ను కలిపే రిలే పెట్టండి.

మాస్‌ఫెట్లలో నకిలీలు విపరీతం. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే డ్రెయిన్, సోర్స్ కాళ్లు కలిపి గేటుకు వాటికి మధ్య కొలవండి. అసలు 240 అయితే డేటాషీట్‌లోని 1300 కన్నా ఎక్కువే చూపాలి, ఎందుకంటే ఆ అంకె 25 వోల్టుల దగ్గర కొలిచింది. నాలుగైదు వందలే చూపిస్తే లోపల చిన్న చిప్పు పెట్టి పైన పెద్ద పేరు రాశారని అర్థం. 31 వాట్లు అది మోయదు. బిగించేటప్పుడు వెనక రేకు డ్రెయినే అని గుర్తుంచుకోండి. మైకా, పేస్టు పెట్టి స్క్రూ బిగించాక రేకుకూ సింకుకూ మధ్య కంటిన్యుటీ చూడాలి, బీప్ రాకూడదు.

పవర్ సప్లై గురించి. మీ 24-0-24ను సెంటర్ ట్యాప్ గ్రౌండుగా, రెండు డయోడ్లతో వాడండి. 6 ఆంపియర్ల డయోడ్లు చాలు. 33 వోల్టుల చిల్లర వస్తుంది. 2 ఆంపియర్ల డీసీకి ఒక్కో సగం వైండింగులో రెండున్నర ఆంపియర్ల ఆర్‌ఎంఎస్ పారుతుంది, మీది 3 కాబట్టి ఒక చానెల్ వరకు హాయిగా మోస్తుంది. రెండో చానెల్‌కు ఇలాంటిదే ఇంకొకటి చుట్టించండి. 300 వీఏ టొరాయిడ్ (గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్) ఒక్కటి కొనడం కన్నా ఇదే నయం, రెండు చానెళ్లూ వేటికవే ఉంటాయి, గ్రౌండ్ లూపుల గొడవ తగ్గుతుంది.

క్లాస్-ఏలో సప్లై మీద భారం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కాబట్టి రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే అల) కూడా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో 2 ఆంపియర్లకు ఒకటిన్నర, రెండు వోల్టుల 100 హెర్ట్జ్ రిపుల్. పైనున్న కరెంట్ సోర్స్ దాన్ని చాలావరకు ఆపుతుంది, పూర్తిగా ఆపదు. 10,000 తర్వాత 0.33 ఓముల 10 వాట్ల రెసిస్టర్, దాని తర్వాత 22,000 పెట్టండి. రిపుల్ అయిదో వంతుకు పడిపోతుంది, నష్టం 0.66 వోల్టులే. రాత్రి నిశ్శబ్దంలో స్పీకర్‌కు చెవి పెడితే ఇంకా గుర్రుమంటుంటే అలాంటి మెట్టు ఇంకొకటి చేర్చండి. రెసిస్టర్ బదులు పాత ట్యూబ్‌లైట్ చోక్ వేయొచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. వేయకూడదు. అది అర ఆంపియర్ కూడా లేని కరెంటుకు చుట్టింది, దాని తీగ రెసిస్టెన్సే కొన్ని పదుల ఓములు. సప్లై మొత్తం అదే మింగి, అది కాస్తా పొగలు కక్కుతుంది.

కెపాసిటర్లు 105 డిగ్రీలవే కొనండి, 85వి చవకైనా వద్దు. వాటి చుట్టూ వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. మన గదిలో ఆ పది డిగ్రీలు ముందే ఖర్చైపోయి ఉంటాయి. సింకుకు దూరంగా, బాక్సులో కింది వైపు పెట్టండి. 50 వోల్టుల రేటింగ్ ఉండాలి, రాత్రిళ్లు లైను 250 దాటితే సప్లై 36, 37 దాకా ఎగబాకుతుంది. అదే పగలు చుట్టుపక్కల మోటార్లు తిరిగేటప్పుడు లైను 200కు పడితే సప్లై 27కు దిగి, పవరు 7 వాట్లకు వస్తుంది. స్టెబిలైజర్ ఉంటే సరే, లేకపోయినా ప్రమాదం లేదు, గట్టిగా పెట్టినప్పుడు కాస్త ముందే తెగుతుంది.

బాక్సు అడుక్కు నేను కడప బండ ముక్క వాడతాను. ముప్పావు అంగుళం మందం, పాలిష్ చేయించింది. ట్రాన్స్‌ఫార్మర్ బరువుకు రేకులా ఒంగదు, గుంయ్‌మని మోగదు, రాతి డ్రిల్లు బిట్టుతో రంధ్రాలు సులువుగా పడతాయి. ఒకటే జాగ్రత్త: రాయికి ఎర్త్ ఉండదు కదా. సింకులు, ట్రాన్స్‌ఫార్మర్ రేకు, వెనక ప్యానెల్, అన్నింటినీ విడివిడిగా తీగతో కలిపి మూడో పిన్నుకు ఇవ్వాలి. ఆ మూడో పిన్ను వెనక నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, పాత ఇళ్లలో చాలా చోట్ల అది అలంకారమే. ప్రైమరీలో చానెల్‌కు ఒక ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు.

మొదటిసారి కరెంటు ఇచ్చే పద్ధతి. 0.33 ఓముల బదులు తాత్కాలికంగా 10 ఓములు పెట్టండి. బయాస్ 65 మిల్లీఆంపియర్లే పారుతుంది, ఏ పొరపాటున్నా దేనికీ నష్టం రాదు. మెయిన్స్‌కు సిరీస్‌లో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే వైరింగ్ బాగున్నట్టు. వెలుగు తగ్గకపోతే వెంటనే ఆపి వెతకండి. డ్రెయిన్ వోల్టేజి ప్రీసెట్‌తో కదులుతోందని చూశాక ఆపేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, అసలు రెసిస్టర్ వేయండి. ఇక సిరీస్ బల్బు తీసేయాలి. నిండు బయాస్‌లో క్లాస్-ఏ ఎలాగూ 70 వాట్లు లాగుతుంది, బల్బు మధ్యలో ఉంటే అది వెలుగుతూనే ఉండి మిమ్మల్ని అనవసరంగా టెన్షన్ పెడుతుంది. స్పీకర్ బదులు ఆ 22 ఓముల రెసిస్టర్ల జత తగిలించి గంట నడపండి.

ఎండాకాలానికి ఒక చిట్కా. 0.33 ఓముల రెసిస్టర్ బదులు 0.5 ఓములు పెట్టి, దానికి పారలల్‌గా 1 ఓమును టాగుల్ స్విచ్ ద్వారా కలపండి. స్విచ్ వేసి ఉంటే రెండూ కలిసి 0.33, బయాస్ 2 ఆంపియర్లు. తీస్తే 0.5, బయాస్ 1.3. మార్చిలో తీసేసి, వానలు పడి గది చల్లబడ్డాక వేయొచ్చు. స్విచ్ కాంటాక్టు పాడైనా బయాస్ తగ్గుతుందే తప్ప పెరగదు. మార్చేముందు పవర్ ఆపండి, మార్చాక డ్రెయిన్ వోల్టేజి మళ్లీ సగానికి సర్దండి, ఒక వోల్టు అటూ ఇటూ అయి ఉంటుంది.

బిల్లు సంగతి: రెండు చానెళ్లకు 124 వాట్లు, ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ల నష్టం కలిపితే గోడ దగ్గర 145 వాట్ల చుట్టూ. రోజుకు మూడు గంటలు వింటే నెలకు 13 యూనిట్లు. బిల్లు కన్నా, మే నెలలో ఆ 145 వాట్ల హీటర్‌తో ఒకే గదిలో కూర్చోవడమే అసలు ఖర్చు.

ఇక 100 వాట్ల చిప్ బోర్డుతో పోలిక. డిస్టార్షన్ మీటరు పెడితే ఆ బోర్డే గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. మన ఒక్క మాస్‌ఫెట్‌కు ఫీడ్‌బ్యాక్ చాలా తక్కువ. నిండు పవర్ దగ్గరకు వచ్చేసరికి డిస్టార్షన్ శాతం దాటుతుంది. అందులో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ), అది చెవికి గుచ్చుకోదు. రెండు ట్రాన్సిస్టర్లు అలను ఒకదాని నుంచి ఒకటి అందుకునే చోట వచ్చే క్రాస్ఓవర్ డిస్టార్షన్ అసలే లేదు, కాబట్టి చిన్న సౌండ్‌లో గొంతు, వయొలిన్, నాదస్వరం శుభ్రంగా వినిపిస్తాయి. రాత్రి పూట తక్కువ సౌండ్‌తో వినేవాళ్లకు ఇది నచ్చుతుంది.

బాస్ విషయంలో మాత్రం ముందే చెప్పాలి. దీని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ నాలుగైదు ఓములుంటుంది. చిప్ బోర్డుకు అది ఓములో చిన్న భాగమే. అంటే స్పీకర్ కోన్ మీద మన యాంప్లిఫైయర్ పట్టు తక్కువ. మీ బుక్‌షెల్ఫ్ బాక్సులకు పోర్టు (గాలి గొట్టం) ఉంటే కింది స్వరాలు కాస్త ఉబ్బి, డప్పు కొట్టినట్టు కాకుండా కుండ మోగినట్టు రావచ్చు. పోర్టులో కొద్దిగా ఫోమ్ దూర్చి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది. అలా కూడా నచ్చకపోతే లిన్స్‌లీ హుడ్ 1969 సర్క్యూట్ కట్టండి, దానిలో ఫీడ్‌బ్యాక్ ఎక్కువ, బాస్ బిగువుగా ఉంటుంది. 8 ఓములకు ఆయన చెప్పింది 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు, అంటే వేడి చానెల్‌కు 32 వాట్లే. సింకు, ట్రాన్స్‌ఫార్మర్ మీ దగ్గర ఎలాగూ ఉంటాయి.

శబ్దం చాలదేమోనన్న భయం వద్దు. 87 డీబీ స్పీకర్ 10 వాట్లకు మీటరు దూరంలో 97 డీబీ ఇస్తుంది, మీ గదికి ఎక్కువే. 100 వాట్లతో అది 107 అవుతుంది, అంతే. పెళ్లి సంబరానికి, వినాయక చవితి మండపానికి మాత్రం దీన్ని మోసుకుపోవద్దు.

ముందు ఒక్క చానెల్ పూర్తి చేయండి. గంట నడిచాక గది వేడి, సింకు వేడి, డ్రెయిన్ వోల్టేజి, 0.33 ఓముల రెసిస్టర్ మీద పడే వోల్టేజి రాసుకుని చెప్పండి. ఆ నాలుగు అంకెలుంటే రెండో చానెల్‌కు ఇదే సింకు కొనాలో, ఇంకాస్త పెద్దది చూడాలో చెప్పగలను.